జాడీలో ఉన్న చేప ఏ తప్పూ చేయలేదు

పేరు రాయొద్దని కోరుతూ ఒక తల్లి పంపిన ఉత్తరం ఇది. పొడవైన ఉత్తరం కాబట్టి సంగతి మాత్రం కుదించి చెబుతాను.

వాళ్ళింట్లో ఏంజెల్ చేపల జంట ఉంది. రెండుసార్లు గుడ్లు పెట్టి, రెండుసార్లూ తామే తినేశాయి. మూడోసారి ఆమె కొడుకు, పదకొండేళ్ళవాడు, గుడ్లు అంటుకున్న ఆకును తుంచి వేరే తొట్టిలో పెట్టాడు. ఆర్టీమియా (పిల్లచేపలకు మేతగా వేసే, రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు పొదిగించి మేపి పిల్లల్ని సాకాడు. రోజూ ఎన్ని ఉన్నాయో నోటు పుస్తకంలో రాసుకుంటాడు. తొమ్మిది వారాలకు 31 నిలిచాయి. ఒక్కోటి కోటు బొత్తామంత.

వాడు బడిలో ఉండగా ఆమె వాటిని 60 లీటర్ల కొత్త తొట్టిలోకి మార్చింది, ఇంటికొచ్చి చూసి సంబరపడతాడని. కొత్త ఫిల్టర్ బిగించేటప్పుడు, నీళ్ళు లాగే గొట్టం మూతికి పెట్టాల్సిన జాలీ పెట్టడం మరిచిపోయింది. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే నాలుగు పిల్లలు గొట్టానికి అతుక్కుని ఉన్నాయి. ఒకటి అప్పటికే చచ్చిపోయింది. మిగిలిన మూడింటినీ కంగారులో వలతో లాగింది. ఒకదానికి తోక రెక్క సగానికి పైగా ఊడిపోయింది. ఒకదానికి ఎడమ పక్క పొలుసులు లేచిపోయి ఎర్రటి మచ్చ తేలింది. ఇంకోదానికి ఒక కన్ను ఉబ్బి తెల్లగా మసకబారింది. చచ్చినదాన్ని పిల్లాడు రాకముందే తీసి పారేసింది.

వాడొచ్చి అడిగితే "వాటిలో అవే కొట్టుకున్నాయిరా" అంది. "30 యే ఉన్నాయేంటమ్మా" అంటే "లెక్క తప్పావేమో చూసుకో" అంది. వాడు నాలుగుసార్లు లెక్కపెట్టి, పుస్తకంలో 31 కొట్టేసి 30 అని దిద్దుకున్నాడు. ఆ తర్వాత తొట్టి ముందు కూర్చుని కాపలా కాశాడు. అన్నిటికంటే పెద్దపిల్ల మిగతావాటిని తరమడం చూసి, దొంగ దొరికిందని తేల్చేసి, దాన్ని పట్టి రెండు లీటర్ల గాజు జాడీలో వేశాడు. దెబ్బలు మానేదాకా దానికి విడుదల లేదట. ఇప్పటికి ఐదు రోజులైంది.

ఈ ఐదు రోజుల్లో ఆమె తొట్టిలో వేసినవి ఇవి: మొదటి రోజు 100 గ్రాముల రాళ్ళ ఉప్పు, రెండో రోజు మిథిలీన్ బ్లూ, మూడో రోజు భర్త స్నేహితుడు పొట్లం కట్టి ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి, నాలుగో రోజు మళ్ళీ మిథిలీన్ బ్లూ. నీళ్ళు సిరాలా తయారయ్యాయి. పిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు పరీక్షించే కిట్‌తో చూస్తే అమ్మోనియా 1, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 8. తోక ఊడింది ఆలస్యంగానైనా మేతకు వస్తోంది. పొలుసులు పోయింది అడుగున నిలబడిపోతోంది. కన్ను దెబ్బతిన్నది మేతను గురి తప్పుతోంది. "అవి బతకవు వదినా, ఎందుకు హింస, తీసేయండి" అని మరిది అంటున్నాడు.

ఆమె అడిగినవి నాలుగు. ఇవి కోలుకుంటాయా? మందులు కొనసాగించాలా? బాధ పెట్టకుండా చంపేయడమే దయా? నాలుగోది అడిగీ అడగనట్టు ఉత్తరం చివర రాశారు: "బాబుకు చెప్పాలంటారా, లేక చేపలు బాగైపోతే వాడే మరిచిపోతాడా?"

*

ఉత్తరం చదువుతుంటే నాకు ముందు భయమేసింది ఆ దెబ్బతిన్న మూడింటి గురించి కాదండీ, జాడీలో ఉన్నదాని గురించి. ఒంటి మీద గీత లేని ఆ చేపే అన్నిటికంటే ప్రమాదంలో ఉంది. రెండు లీటర్ల నీళ్ళు, హీటర్ లేదు, ఫిల్టర్ లేదు, ఐదు రోజులు. అది తిన్నది, విసర్జించింది అంతా ఆ రెండు లీటర్లలోనే ఉంది. అది ఈ రోజే బయటికి రావాలి. వాడికి ఏం చెప్పి తీయాలన్నది తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే అక్కడే మీ నాలుగో ప్రశ్న ఉంది. కానీ దాన్ని వదలడానికి ముందు 60 లీటర్ల తొట్టి నీళ్ళు బాగుండాలి కదా. ఇప్పుడైతే ఆ నీళ్ళు జాడీ కంటే ఏమంత మెరుగు కాదు.

పిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే అది గాయాల వల్ల కాదు. దెబ్బ తగిలింది మూడింటికైతే ఊపిరాడనిది అన్నిటికీ. కొత్త తొట్టి, కొత్త ఫిల్టర్ అన్నారు. పాత తొట్టిలోని స్పాంజిని కడిగి ఎండబెట్టానని కూడా రాశారు. ఆ స్పాంజిలోనే వాటి ప్రాణం ఉంది. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, మరోజాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ పెద్దగా హాని చేయదు. కొత్త ఫిల్టర్‌లో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వచ్చిన నాలుగు కణాల్ని కూడా మీ నీలిమందు, ఆ పొట్లంలో పొడి బతకనిచ్చి ఉండవు.

మీ కిట్‌లో కనిపించిన 1 చిన్న అంకెలా ఉంటుంది. కానీ అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు నిరపాయం, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ 7 అయితే ఈ రెండో రూపం మొత్తంలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయ్యేసరికి దాదాపు పదింతలై నూటికి ఐదారు వంతులకు చేరుతుంది. మీ నీళ్ళు 8. అందుకే ఆ ఒకటి మీ పిల్లలకు ఎక్కువే.

కాబట్టి ఈ రోజు మందు వేయకండి, నీళ్ళు తీయండి. సగం నీళ్ళు తీసి, అంతే వేడిమి ఉన్న కొత్త నీళ్ళు, యాంటీ క్లోరిన్ మందు కలిపినవి, నిదానంగా పోయండి. రేపటి నుంచి వారం పాటు రోజూ పావు వంతు మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మిగిలిన నీలిరంగును అది లాగేస్తుంది. ఎయిర్ పంపు ఉంటే రాత్రీ పగలూ నడపండి, వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఇంకోటి, మీ దగ్గర ఒక నిధి ఉంది, మీరు గమనించినట్టు లేరు. తల్లిదండ్రి చేపల తొట్టిలో ఏళ్ళుగా నడుస్తున్న ఫిల్టర్ ఉందన్నారు కదా. నీలిరంగు బాగా తగ్గాక, ఆ ఫిల్టర్ స్పాంజిలో సగం కోసి తెచ్చి ఇందులో పెట్టండి. కడగొద్దు, మురికిగానే తేవాలి. ఆరు వారాల పని చాలావరకు ఆ ముక్క చేసిపెడుతుంది. సగమే ఎందుకంటే పెద్దవాటికి కూడా మిగలాలి.

ఇక మందులు. మీరు వేసిన నాలుగింట్లో ఒక్క ఉప్పే సరైనది, అది కూడా తెలియకుండానే సరైన మోతాదులో పడింది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయట నీళ్ళలో కంటే ఎక్కువ. అందుకని నీళ్ళు ఎప్పుడూ దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, మూత్రపిండాలు తోడిపోస్తూనే ఉంటాయి. చర్మం, పొలుసులు, పైనున్న జిగురు పొర ఆ చొరబాటుకు గట్టులాంటివి. దెబ్బ తగిలిన చోట గట్టు తెగినట్టే. నీళ్ళలో కాస్త ఉప్పు ఉంటే లోపలికి, బయటికి తేడా తగ్గి ఆ తోడిపోత తేలికవుతుంది. లీటరుకు 1 నుంచి 3 గ్రాముల వరకు ఇలాంటి గాయాలకు వాడతారు. మీరు 60 లీటర్లకు 100 గ్రాములు వేశారు, అంటే లీటరుకు ఒకటిన్నర పైచిలుకు. అదే చాలు. సగం నీళ్ళు తీశాక ఆ తీసిన 30 లీటర్లకు సరిపడా 50 గ్రాములు, రోజూ మార్చే పావు వంతుకు 25 గ్రాములు, విడిగా నీళ్ళలో కరిగించి పోయండి. ఆవిరైన నీళ్ళ బదులు పోసేటప్పుడు మాత్రం ఉప్పు కలపొద్దు, ఉప్పు ఆవిరి కాదు కదా. గాయాలు మూసుకున్నాక కలపడం మానేస్తే, నీళ్ళు మార్చే కొద్దీ అదే తగ్గిపోతుంది. తొట్టిలో మొక్కలుంటే కొన్ని దెబ్బతింటాయి, వాటిని తల్లిదండ్రి చేపల తొట్టిలోకి మార్చుకోండి.

మిథిలీన్ బ్లూ గుడ్లకు బూజు పట్టకుండా వాడే మందు. మీ అబ్బాయి గుడ్లు పొదిగించినప్పుడు దానికి చోటుంది, ఇప్పుడు లేదు. యాంటీబయాటిక్ సంగతి కొంచెం చిక్కు. మామూలుగా అయితే మొదలుపెట్టిన యాంటీబయాటిక్‌ను మధ్యలో ఆపొద్దంటారు, ఆ మాట నిజమే. కానీ ఇక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు గుర్తులేవీ మీరు రాయలేదు, పొడి పేరు తెలియదు, మోతాదు తెలియదు, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు. పేరు తెలియని మందును పేరు తెలియని జబ్బుకు కొనసాగించడం కంటే ఆపడమే నాకు నయమనిపిస్తుంది. చేపలు చూసే పశువైద్యులు మీకు అందుబాటులో ఉంటే ఆ పొడి చూపించి అడగండి, వాళ్ళు కొనసాగించమంటే అప్పుడు వాళ్ళ మాటే మాట.

చేయి ఊరుకోదు, నాకు తెలుసు. చేపలు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో ఒక గప్పీ పిల్లకు తోక చిరిగితే వారంలో మూడు మందులు మార్చాను. తోక కొత్తగా మొలుస్తుండగానే చేప పోయింది. మన వల్ల దెబ్బ తగిలిందన్న బాధ ఉన్నప్పుడు సీసా మూత తీస్తే మన మనసు కుదుటపడుతుంది. అది చేపకు చేసే వైద్యం కాదు, మనకు మనం చేసుకునేది.

ఇప్పుడు దెబ్బతిన్న మూడింటినీ ఎక్కడ ఉంచాలి. మూడు దారులున్నాయి. అందరితోనే వదిలేస్తే నీళ్ళ మార్పు లేదు, పట్టుకునే హింస లేదు. కానీ ఏంజెల్ పిల్లలు ఈ వయసులోనే పొడుచుకోవడం మొదలుపెడతాయి, చిరిగిన తోకను అవి వదలవు. మేతలోనూ ఇవే వెనకబడతాయి. విడిగా చిన్న తొట్టిలో పెడితే పొడిచేవాళ్ళుండరు, ఏం తిన్నదీ కనబడుతుంది. అయితే ఫిల్టర్ లేని చిన్న తొట్టి అంటే జాడీకి పెద్దన్న, రోజుకొకసారి సగం నీళ్ళు మార్చగలిగితేనే ఆ దారి. మూడోది, బ్రీడింగ్ బాక్స్ అంటారు చూడండి, తొట్టి లోపలే వేలాడే జాలీ పెట్టె. అదే నీళ్ళు, అదే వేడిమి, పొడిచేవాళ్ళు లేరు. నాకు ఇదే ఇష్టం. దీనికీ ఒక లోపముంది, పెట్టె లోపల నీళ్ళు కదలక మేత మిగిలి కుళ్ళుతుంది, కాబట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) దాని పక్కనే ఉండాలి. దేనిలోకి మార్చినా వల మాత్రం వద్దు. ఏంజెల్ పొడవాటి రెక్కలు వలలో చిక్కుకుని ఇంకా చిరుగుతాయి. గిన్నె ముంచి నీళ్ళతో పాటే ఎత్తండి.

తోక గురించి. పెరుగుతుంది. చేపల రెక్కలు తిరిగి పెరుగుతాయని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బ్రూసోనే 1786 లోనే రాసిపెట్టాడు. ఇప్పుడు ప్రయోగశాలల్లో జీబ్రా చేపల తోకలు కత్తిరించి ఇదే చూస్తున్నారు. ఒక రోజు లోపలే తెగిన అంచు మీద చర్మం కప్పుకుంటుంది, రెండు మూడు రోజులకు ఆ చర్మం కింద కొత్త కణాల మొగ్గ కడుతుంది, రెండు మూడు వారాల్లో తోక దాదాపు పూర్తవుతుంది. ఇంకో వింత ఉంది: ఎక్కువ తెగితే ఎక్కువ వేగంగా పెరుగుతుంది, తక్కువ తెగితే నిదానంగా. ఎంత పోయిందో తోకకు గుర్తున్నట్టే. మీ ఏంజెల్‌కు జీబ్రా చేపంత తొందర ఉండకపోవచ్చు, నెలా రెండు నెలలు ఓపిక పట్టండి. ఒక్కటి చూడాలి, తెగింది రెక్కలోనా, లేక తోక మొదట్లో ఉండే కండ దాకా వెళ్ళిందా. కండ దాకా పోతే పూర్తిగా రాదు. మీరు సగానికి పైగా అన్నారు కానీ మొదలు మిగిలిందని కూడా రాశారు, కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. కొత్త ఈనెలు వంకరగా రావచ్చు, రంగు ఆలస్యంగా రావచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొత్తగా పెరిగే రెక్క మొదట రంగులేకుండా, గాజు ముక్కలా, కొన్నిసార్లు లేత తెలుపు అంచులా కనిపిస్తుంది. దాన్ని చూసి తోక కుళ్ళుతోందనుకుని మళ్ళీ సీసా తీస్తారు. తేడా పట్టడానికి ఒకటే మార్గం: రోజూ ఒకే సమయానికి, ఒకే వైపు నుంచి ఫొటో తీయండి. తెల్ల అంచు బయటికి జరుగుతుంటే అది పెరుగుదల. లోపలికి, ఒంటి వైపు జరుగుతూ రెక్కలో ఎర్రటి చారలు కనిపిస్తుంటే అది జబ్బు. ఫొటోలు తీసే పని ఎవరికి అప్పగించాలో నేను చెప్పనక్కర్లేదు.

పొలుసులు పోయినదాని గురించి నాకు కొంచెం ఎక్కువ జాగ్రత్త. పొలుసులు మళ్ళీ వస్తాయి, అందులో సందేహం లేదు. చెట్టు మొద్దులో వలయాల్లా చేప పొలుసు మీద కూడా పెరుగుదల గీతలుంటాయి, వాటిని లెక్కపెట్టి వయసు చెప్పేవాళ్ళున్నారు. ఊడి మళ్ళీ వచ్చిన పొలుసుకు నడిమధ్యన ఆ గీతలుండవు, బోసిగా ఉంటుంది, అందుకే వయసు చూసేవాళ్ళు దాన్ని పక్కన పెట్టేస్తారు. అంటే తెగడం, రావడం చేపల బతుకులో అంత మామూలు. కానీ పొలుసు వచ్చేలోపు ఆ చోటు తలుపు లేని ఇల్లు. గాయం మీద పల్చటి మసక పొర కనిపిస్తే కంగారొద్దు, అది జిగురు. దూదిలా పోగులు పోగులుగా నిలబడితే అది బూజు. బూడిద తెలుపు రంగులో, అంచు పసుపుగా, ఇవాళ్టికీ రేపటికీ పాకిపోతూ ఉంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. ఆ రెండింట్లో ఏది కనిపించినా అప్పుడు మందు కావాలి, ఏ మందో తెలిసినవాళ్ళనే అడగాలి. గాయం తొందరగా మానుతుందని హీటర్ 30 డిగ్రీలకు పెంచేవాళ్ళుంటారు. మీరు 27 దగ్గరే ఉంచండి. వేడి పెరిగితే కాలమ్నారిస్ ఇంకా జోరుగా పాకుతుంది.

కన్ను సంగతి. రెండు కళ్ళూ ఉబ్బితే నీళ్ళలోనో, ఒంట్లోనో ఏదో జబ్బని అనుమానించాలి. ఒక్కటే ఉబ్బితే చాలాసార్లు దెబ్బే కారణం, మీ కథా అదే. వాపు తగ్గడానికి వారాలు పడుతుంది. పైపొర మసక పోవచ్చు, లోపలి కటకం దెబ్బతిని ఉంటే ఆ తెలుపు ఉండిపోవచ్చు. ఒంటికన్నుతో చేపలు హాయిగా బతుకుతాయి. మేత గురి తప్పడం కూడా కొన్నాళ్ళే, మంచి కన్ను వైపు తిరిగి తినడం నేర్చుకుంటుంది. అందాకా దాని ముక్కు ముందే మేత వేయండి.

మేత మాట వచ్చింది కాబట్టి, పిల్లచేపలు పెద్దవాటి కంటే తొందరగా మానతాయి, తొందరగా నీరసిస్తాయి కూడా. ఒంట్లో నిల్వ తక్కువ. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం, అప్పుడే పొదిగిన ఆర్టీమియా పెట్టండి, మిగిలింది తీసేయండి. పొడి మేత వాడుతుంటే డబ్బా ఎప్పుడు తెరిచారో చూసుకోండి. మనలాగే చాలా రకాల చేపలు కూడా విటమిన్ సి ని సొంతంగా తయారు చేసుకోలేవు. అది లేకపోతే గాయం అతుక్కోదు, ఎదిగే పిల్లలకు వెన్ను వంకరపోతుంది. నెలల తరబడి తెరిచి ఉన్న డబ్బాలో అది మిగలదు.

జాలీ ఈపాటికి పెట్టే ఉంటారు. ఈ సైజు పిల్లలకు అది కూడా చాలదు, గొట్టం మూతికి ముతక స్పాంజి ముక్క తొడగండి, లేదా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్‌కు మారండి. 60 లీటర్లు 30 ఏంజెళ్ళకు కొన్ని వారాలే సరిపోతుంది, ఆ తర్వాత ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. మీ వేళ్ళకు గాట్లుంటే గ్లవ్స్ లేకుండా తొట్టిలో చేయి పెట్టకండి, చేపల నీళ్ళలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా మన చర్మానికి కూడా సోకుతుంది.

మీ మరిదిగారి మాట. ఆయన కర్కశంగా అన్నారని నేననుకోను. చేపలకు నొప్పి తెలియదని చాలాకాలం అనుకున్నారు. 2003 లో జీవశాస్త్రవేత్త లిన్ స్నెడ్డన్ బృందం ట్రౌట్ చేపల తలలో దెబ్బకు స్పందించే నాడులున్నాయని చూపించింది. మూతికి మంట పుట్టించే ద్రవం ఎక్కిస్తే అవి మేత మానేశాయి, పెదవుల్ని గులకరాళ్ళకు రుద్దుకున్నాయి. కాబట్టి "ఎందుకు హింస" అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఈ రోజు చెప్పలేం, అంతే. ఊపిరాడని నీళ్ళలో ఏ చేపైనా చచ్చేదానిలాగే ఉంటుంది. ముందు వారం రోజులు మంచి నీళ్ళిచ్చి చూడండి. మేతకు వస్తున్న చేపను చంపడానికి నాకు కారణం కనిపించదు, అందంగా లేకపోవడం కారణం కాదు. అడుగున నిలబడిపోయేది వారం తర్వాత కూడా తినకుండా, నిలవలేక ఒక పక్కకు ఒరిగిపోతూ, గాయం లోతుకు పోతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా రెండు దారులున్నాయి. దానంతట అదే పోయేదాకా విడిగా, చీకటిగా, మంచి నీళ్ళలో ఉంచడం ఒకటి. అది మన చేతికి మట్టి అంటనీయదు కానీ చేపకు రోజులు పట్టవచ్చు. లవంగ నూనెతో నిద్రపుచ్చి పంపేయడం రెండోది. లీటరు నీళ్ళకు 0.4 మిల్లీలీటర్ల నూనెను ముందుగా చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్ళతో బాగా గిలకొట్టి, కొద్దికొద్దిగా కలపాలి. ముందు మత్తు, తర్వాత మొప్పలు ఆగడం. ఆగాక కూడా అరగంట అందులోనే ఉంచాలి, తొందరపడి తీస్తే లేచే చేపలుంటాయి. నీళ్ళలోంచి తీసి వదిలేయడం, మరుగుదొడ్డిలో పోయడం మాత్రం దయ కిందికి రావు. ఏ దారైనా వాడికి తెలియకుండా చేయకండి, ఇంకో అంకె మాయమైతే ఈసారి వాడు నమ్మడు.

అక్కడికే వస్తున్నాను. వాడు మరిచిపోతాడా అని అడిగారు. చెప్పకుండా ఉండిపోవచ్చు, చేపలు బాగైతే ఇల్లు సర్దుమణుగుతుంది. దానికి అయ్యే ఖర్చు మీరే చూడండి. జాడీలోది బయటికి రావాలంటే ఇంకో అబద్ధం కావాలి. రేపు వాడు సొంతంగా తొట్టి పెట్టినప్పుడు చేపలకు దెబ్బ తగిలితే ఫిల్టర్ వైపు చూడడు, పెద్ద చేప వైపు చూస్తాడు. పైగా తొట్టి ముందు గంటలు కూర్చునే పిల్లవాడు గొట్టానికి కొత్తగా వచ్చిన జాలీని ఎన్నాళ్ళు గమనించకుండా ఉంటాడు?

సగం చెప్పే దారి కూడా ఉంది: ఫిల్టర్ వల్లే దెబ్బ తగిలిందట, పెద్దది కాదట అని. చేప విడుదలవుతుంది, మీకు తలనొప్పి తగ్గుతుంది. కానీ చచ్చిపోయిన ఆ ఒక్కటి మిగిలిపోతుంది. నిజానికి ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కలుక్కుమనిపించింది కొట్టుకున్నాయన్న అబద్ధం కాదు. లెక్క తప్పావేమో అన్న మాట. తొమ్మిది వారాలు ఒక్క రోజు కూడా తప్పకుండా లెక్క రాసిన పిల్లవాడు అమ్మ మాట విని తన కళ్ళను అనుమానించుకున్నాడు.

మొత్తం చెప్పే దారిలో వాడు ఏడవవచ్చు, రెండు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు. మీరు సంజాయిషీ పెంచితే ఇంకా చిరాకు పడతాడు. "కన్నా, అవి కొట్టుకోలేదురా. గొట్టానికి జాలీ పెట్టడం నేను మరిచిపోయాను. ఒకటి చచ్చిపోయింది, నువ్వు బాధపడతావని కాదు, నాకు భయమేసి దాచాను. నీ లెక్క సరిగ్గానే ఉంది." ఇంతే చాలనుకుంటాను. నిన్ను సంబరపెడదామని చేశాను అన్న మాట ఆ రోజు వద్దు, తర్వాతెప్పుడైనా వాడే అడుగుతాడు. మీరు ఏ దారి పట్టినా జాడీ ఖాళీ చేయడం మాత్రం ఈ రోజే.

దానికి వాడి చేయి కూడా కావాలి. తొట్టి నీళ్ళు మార్చాక జాడీలో సగం నీళ్ళు తీసి, వెచ్చటి కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా పోయమనండి. తర్వాత జాడీని అరగంట తొట్టిలో తేలనిచ్చి, వేడిమి కుదిరాక గిన్నెతో చేపను మాత్రం తీసి వదలమనండి, జాడీ నీళ్ళు తొట్టిలో పడకూడదు. వదిలే ముందు రాళ్ళు, ఆకులు కాస్త అటూ ఇటూ మార్చి లైటు ఆపేయండి. ఐదు రోజులు లేకపోయేసరికి దాని చోటు ఇంకొకరు ఆక్రమించి ఉంటారు, తోటివి కాస్త తరుముతాయి. పెద్దది కూడా ఊరుకునే రకం కాదు, ఏంజెల్ పిల్లల్లో తరమడం సహజం. ఆ విషయంలో మీ అబ్బాయి చూసింది నిజమే, తీర్పే తప్పింది. పుస్తకంలో కొట్టేసిన 31 ని ఎలా దిద్దుకోవాలో, చచ్చిపోయిన రోజుకు విడిగా వరుస రాసుకోవాలో వాడు చూసుకుంటాడు, మీరు తారీఖు మాత్రం సరిగ్గా చెప్పండి.